మా మిద్దెతోటల సంఘం 2024–25 జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులకు, దాతలకు, సంఘం పనులపై ఆసక్తి ఉన్న తిరుపతి పురప్రజలకు కార్యవర్గం సమర్పిస్తున్న వివరణ ఇది. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు సంఘానికి వచ్చిన ప్రతి రూపాయీ, సంఘం ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ ఇందులో చేరాయి. ఒక పనికని ఇచ్చిన డబ్బు మరో పనికి మళ్లకూడదన్న నియమాన్ని ఏడాది పొడవునా పాటించాం కాబట్టి, మొత్తాలతో పాటు ఏ సొమ్ము దేనికోసం వచ్చిందో కూడా చెబుతున్నాం.

ఏడాది మొదట్లో ఉన్న నిల్వ రూ. 18,420. సభ్యులు 86 మంది తలా రూ. 500 చొప్పున కట్టిన చందా రూ. 43,000. విరాళాలు రూ. 31,000 అందగా, అందులో రూ. 20,000 ఒక నగరపాలక పాఠశాలలో కూరగాయల తోట వేయించడానికే వాడాలని దాత రాసి ఇచ్చారు. ఉమ్మడి కొనుగోలు కోసం సభ్యులు ముందుగా కట్టినది రూ. 64,700, కార్తీక మాసంలో జరిపిన విత్తన సంతలో నారు, విత్తనాల అమ్మకంపై వచ్చినది రూ. 9,360, బ్యాంకు వడ్డీ రూ. 612. నిల్వతో కలిపి మొత్తం జమ రూ. 1,67,092.

ఖర్చులో పెద్ద పద్దు ఉమ్మడి కొనుగోలే. దిమ్మ రూ. 130 చొప్పున 150 కొబ్బరి పొట్టు దిమ్మలకు రూ. 19,500, కిలో రూ. 38 చొప్పున 300 కిలోల వేపపిండికి రూ. 11,400, లీటరు రూ. 420 చొప్పున 20 లీటర్ల వేపనూనెకు రూ. 8,400, బాడుగకు, దింపుడు కూలికి రూ. 5,900, మూడు ట్రాక్టర్ల పశువుల ఎరువుకు రూ. 17,000, వెరసి రూ. 62,200 అయింది. కొబ్బరి పొట్టుకు ఇంత ఎందుకని కొందరు అడిగారు. మే నెల ఎండకు మిద్దె మీది కుండీలో మట్టి పొద్దున తడిపితే సాయంత్రానికి బిగుసుకుపోతుంది. పొట్టు కలిపిన మట్టి తడిని చాలాసేపు నిలుపుకుంటుంది. కల్యాణి డ్యాము నుంచి, తెలుగుగంగ నుంచి ఊరికి తాగడానికని వచ్చే నీటిని తోటలకు ధారపోయడం న్యాయం కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం, అందుకే ఈ ఖర్చుకు వెనుకాడలేదు.

ఎరువు పద్దును వివరంగా చెప్పవలసి ఉంది. ట్రాక్టరు రూ. 6,500 చొప్పున మూడింటికి రూ. 19,500కు ఒప్పందం కుదిరింది. మొదటి రెండు లోడ్లు నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో వచ్చాయి. మూడోది దింపాక కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తే లోపల వేడి తగిలింది. పిడికిట్లోకి తీసిన ఎరువులో గడ్డిపోచలు విరగకుండా అలాగే ఉన్నాయి, పేడవాసన పోలేదు. చివకని ఎరువును కుండీలో వేస్తే అది అక్కడే చివుకుతూ వేడి పుట్టించి లేత వేర్లను దెబ్బతీస్తుంది, చెదలకు, వేరుపురుగుకు తావిస్తుంది. అమ్మిన వ్యక్తితో మాట్లాడి ఆ లోడుకు రూ. 4,000 మాత్రమే చెల్లించాం. ఆ ఎరువుకు నీళ్లు చల్లి, పట్ట కప్పి, అప్పుడప్పుడు తిరగేస్తూ రెండు నెలలు మాగనిచ్చాకే పంచాం. ఇలా మిగిలిన రూ. 2,500 సంఘం ఆదాయం కాదు, ఎరువుకు డబ్బు కట్టిన 25 మందిది. వారికి తలా రూ. 100 వచ్చే కొనుగోలులో తగ్గిస్తాం.

విత్తనాలకు, నారుకు రూ. 14,280 ఖర్చయింది. 2024 అక్టోబరు మధ్యలో వాయుగుండం వానలకు ట్రేలలోని వంగ, మిరప, టమోటా నారు కుళ్లుతెగులు సోకి మొదళ్ల దగ్గర మెత్తబడి పడిపోయింది; మళ్లీ పోయవలసి వచ్చినందున ఈ మొత్తంలో రూ. 3,100 అదనపు భారం. అనప చిక్కుడు, గోరుచిక్కుడు వంటివాటికి సభ్యులు తమ పాదుల నుంచి తీసి నీడన ఆరబెట్టి తెచ్చిన గింజే సరిపోయింది. గుమ్మడి, దోస జాతులు పక్కనున్న వేరే రకాల పుప్పొడి సోకితే మరుసటి పంటకు గుణం మారిపోతాయి కాబట్టి వాటి విత్తనం కొనక తప్పడం లేదు. నారు పెంచే చోట యాభై శాతం నీడనిచ్చే షేడ్ నెట్‌కు, దాన్ని నిలిపే ఇనుప పైపులకు రూ. 12,600 పట్టింది.

పాఠశాల తోటకు మట్టి, పనిముట్లు, నీటి గొట్టం, విత్తనాల కింద రూ. 13,450 వెచ్చించాం. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవారు ఉండరు గనుక కొత్త మళ్లు వేయడం ఆపి, మిగిలిన రూ. 6,550 విడిగా ఉంచాం. జూన్‌లో బడి తెరిచాక ఆ డబ్బు ఆ తోటకే పోతుంది. శిక్షణ తరగతులకు రూ. 7,200, విత్తన సంత ఏర్పాట్లకు రూ. 6,340, ముద్రణ, బ్యాంకు రుసుములకు రూ. 1,870 అయ్యాయి. కార్యవర్గ సభ్యులెవరూ ప్రయాణ ఖర్చు తీసుకోలేదు.

మొత్తం ఖర్చు రూ. 1,17,940 పోగా నిల్వ రూ. 49,152. ఇందులో బ్యాంకులో రూ. 47,830, రొక్కంగా రూ. 1,322 ఉన్నాయి. పాఠశాల సొమ్ము, ఎరువు తాలూకు సొమ్ము కలిసి రూ. 9,050 తీసివేస్తే, సంఘం స్వేచ్ఛగా వాడుకోదగినది రూ. 40,102.

నిల్వ ఉంది కదా, వచ్చే ఏడు చందా తగ్గించమని ఒక సూచన వచ్చింది. కార్యవర్గం అందుకు మొగ్గు చూపడం లేదు. తొలకరికి రెండు మూడు నెలల ముందే ఎరువు కొని మన కళ్లెదుటే మాగబెట్టుకోవాలంటే సభ్యుల డబ్బు చేతికి రాకముందే పెట్టుబడి కావాలి. ఈ నిల్వను అందుకు వాడాలని మా ప్రతిపాదన, నిర్ణయం మాత్రం సర్వసభ్య సమావేశానిదే. కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులు రశీదులను, ఓచర్లను, బ్యాంకు పుస్తకాన్ని పద్దుల పుస్తకంతో సరిచూసి సంతకాలు చేశారు. ఆ పుస్తకాలను సమావేశానికి తెస్తాం. ఏ పద్దుపైనైనా అభ్యంతరం ఉన్నవారు ముందుగా రాసి ఇస్తే దానికి సంబంధించిన ఓచరు చూపి జవాబిస్తాం.