వల కోసినవాడికి వల ఇవ్వాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

కచిడి చేప వలలో పడి ఒక మత్స్యకారుడి అప్పులు తీర్చేసిందన్న వార్త మన పత్రికల్లో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా కనబడుతుంది. అంతర్వేదిలోనో ఉప్పాడలోనో జరిగిన పాటలో ఆ చేప ఎంత పలికిందో, దాని పొట్టలోని తిత్తి మందుల తయారీకి ఎంత విలువైనదో అందులో రాస్తారు. ఆ తిత్తి చివరకు ఎవరి చేతికి చేరుతుందన్నది మాత్రం రాయరు. కచిడి కుటుంబానికే చెందిన మరో చేప తిత్తి కోసం వేసిన వలల్లో చిక్కుకుని, భూగోళానికి అవతలి వైపున ఒక జంతుజాతి వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చింది. ఆ సంగతిని మీ పాఠకుల ముందుంచి, దానితో ముడిపడిన మన జిల్లా విషయం ఒకటి అధికారులకు మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ జంతువు పేరు వకీటా. స్పానిష్ భాషలో బుజ్జి ఆవు అని అర్థం. డాల్ఫిన్లకు దగ్గరి చుట్టాలైన పోర్పస్‌లలో ఇదే అన్నిటికన్నా చిన్నది. నిండా పెరిగినా అయిదడుగులకు మించదు, బరువు యాభై కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. కళ్ల చుట్టూ, పెదవుల మీద కాటుక దిద్దినట్టున్న నల్లని వలయాలను బట్టి దీన్ని గుర్తుపట్టవచ్చు. మెక్సికో దేశపు గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియా ఉత్తర కొసలో తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా లేదు. శాస్త్రజ్ఞులు దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించి పేరు పెట్టిందే 1958లో. 1997 సర్వేలో సుమారు 567 ఉన్నట్టు అంచనా వేయగా, 2008 నాటికి అవి 245కు తగ్గాయి. 2015లో అరవై, ఆ మరుసటి ఏడాది ముప్పై అన్నారు. 2024 మే నెల సర్వేలో పరిశీలకులకు కనిపించినవి ఆరు నుంచి ఎనిమిది మాత్రమే.

వకీటాను పట్టాలని ఎవరూ వేటకు వెళ్లరు. దాని మాంసం కొనేవాడు లేడు, తోలుకు గిరాకీ లేదు. అక్కడి జాలరులు వల వేసేది ఒకటి రొయ్యల కోసం, రెండోది టొటొవాబా అనే పెద్ద చేప కోసం. ఈ రెండో చేప ఆరడుగులకు పైగా పెరుగుతుంది, వంద కిలోల దాకా తూగుతుంది. దాని గాలితిత్తిని ఎండబెట్టి చైనాకు దొంగరవాణా చేస్తారు. అక్కడ దాన్ని సూపులో వేసుకుంటారు, ఔషధమని నమ్ముతారు, బంగారంలా దాచుకునేవారూ ఉన్నారు. దానికి పలికే ధర చూసి సముద్రపు కొకైన్ అని పేరు పెట్టారు. అంత పెద్ద చేప తల దూరేలా అల్లిన వల కన్నులో ఇంచుమించు అదే పరిమాణంలో ఉండే వకీటా తల కూడా దూరుతుంది. పోర్పస్ చేప కాదు, మనలాగా ఊపిరితిత్తులతో గాలి పీల్చే క్షీరదం. వలలో బిగుసుకున్నాక పైకి రాలేదు, కొన్ని నిమిషాల్లోనే ఊపిరాడక చనిపోతుంది. నీటిలో పుట్టి నీటిలో పెరిగిన జంతువు నీటిలో మునిగి చనిపోతుందని తరగతిలో చెబితే మా విద్యార్థులు నవ్వేవారు. ఇక సంతానం సంగతి చూస్తే, ఆడ వకీటా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, అదీ ఒక్క పిల్లనే కంటుంది. ఇంత తక్కువ మిగిలాక ఏటా రెండు మూడు వలలో పడినా ఆ లోటు పూడేది కాదు.

ఈ కథలో తిరుపతి వాసులకు తెలియనిది పెద్దగా ఏమీ లేదు. శేషాచలం, దాని పరిసరపు కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనాన్ని నరికేది ఎవరో, మోసేది ఎవరో, పట్టుబడేది ఎవరో, ఆ దుంగలు ఓడెక్కి చేరేది ఏ దేశానికో మనం ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. జవ్వాది కొండల నుంచి కూలికి వచ్చినవాడు జైలుకు వెళతాడు. కొనేవాడు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు. గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియా ఒడ్డున శాన్ ఫెలిపె అనే చిన్న ఊరిలో జరుగుతున్నదీ అదే. రాత్రిపూట పడవ తీసేవాడు అక్కడి జాలరి, పెట్టుబడి పెట్టి అప్పులో దింపేవాడు ముఠా మనిషి, ధర కట్టేవాడు సముద్రానికి అవతలివాడు.

చట్టాలు లేక ఈ దుస్థితి రాలేదు. టొటొవాబా వేటను మెక్సికో 1975లోనే నిషేధించింది. 1993లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, 2005లో వకీటా కోసం ప్రత్యేక ఆశ్రయ మండలం ఏర్పరిచింది. 2015లో గిల్ నెట్లను, అంటే చేప మొప్పల దగ్గర బిగుసుకునేలా నీటిలో గోడలా నిలబెట్టే వలలను, ఆ ప్రాంతంలో రెండేళ్ల పాటు ఆపి, 2017లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. వేట మానుకున్నందుకు పరిహారం కూడా ఇచ్చింది. అయితే ఆ డబ్బు పర్మిట్లు తమ పేరున ఉన్న పడవ యజమానులకు చేరినంతగా పడవ మీద కూలికి వెళ్లేవారికి చేరలేదన్న విమర్శ వచ్చింది; 2018 ముగిసేసరికి చెల్లింపులే ఆగిపోయాయి. వకీటాకు హాని చేయని వలలను రూపొందించినా, వాటిలో చేప తక్కువ పడుతుందని, డీజిల్ ఎక్కువ కాలుతుందని జాలరులు మొరపెట్టుకుంటే తగిన సాయం అందలేదు. పొయ్యి మీద కుండ ఎక్కాలంటే రాత్రి చాటుగా పాత వలే వేయాలన్న స్థితి వచ్చాక, కాగితం మీద ఎన్ని మండలాలు గీసి ఏం లాభం?

2017 శరదృతువులో ఆఖరి ప్రయత్నంగా మిగిలిన వకీటాలను పట్టి రక్షిత కొలనుల్లో పెంచాలని చూశారు. పట్టిన రెండింటిలో ఒక పిల్ల బెదిరిపోతుంటే వెంటనే వదిలేశారు. రెండోది, ఈడుకు వచ్చిన ఆడది, ఆ బెదురుకే ప్రాణం విడిచింది. ఆ కార్యక్రమాన్ని అంతటితో విరమించారు. కాస్త ఫలించిన పని ఏదైనా ఉంటే, అది 2022లో మెక్సికో నావికాదళం చేసినది. వకీటాలు ఎక్కువగా తిరిగే 225 చదరపు కిలోమీటర్ల మేర సముద్రం అడుగున కొక్కేలు బిగించిన 193 కాంక్రీటు దిమ్మెలను దింపారు. గిల్ నెట్ వేస్తే కొక్కేనికి తగులుకుని వల పోతుంది. వల విలువ తెలిసినవాడెవడూ అక్కడ వేయడు. ఆ ఏర్పాటు తర్వాత ఆ మేరలో వలలు బాగా తగ్గాయి, 2023 సర్వేలో తల్లుల వెంట పిల్లలు కూడా కనిపించాయి. మిగిలినవి ఆరోగ్యంగానే ఉన్నాయని, వలలు ఆగితే ఈ జాతి ఇంకా కోలుకోగలదని జన్యు పరిశోధకులు చెబుతున్నారు.

ఇక మన విషయానికి వస్తాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా చిత్తూరు జిల్లావాళ్లకు సముద్రం అంటే సెలవులకు చెన్నై వెళ్లి చూసి వచ్చేదే. వాకాడు, సూళ్లూరుపేట, తడ వైపు తీరం తిరుపతి జిల్లాలో కలిశాక కలెక్టరేట్ ఉన్న ఊరికి కొండతో పాటు కడలి బాధ్యత కూడా వచ్చింది. కొండ మీద ఉన్న శ్రద్ధ కడలి మీద ఇంకా కుదరలేదని నా అభిప్రాయం. చిరుతపులి నడకదారిలో కనిపిస్తే ఆ రోజు సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తీరానికి కొట్టుకువచ్చిన జంతువు గురించి పక్క గ్రామానికి కూడా తెలియదు.

గత సంక్రాంతి సెలవుల్లో మనవళ్లను తీసుకుని వాకాడు తీరంలోని తూపిలిపాళెం వెళ్లాను. తెల్లవారి నడుస్తుంటే ఇసుకలో బూడిద రంగు జంతువు ఒకటి పడి ఉంది. నాలుగడుగులకు కొంచెం ఎక్కువ ఉంటుంది. వీపు మీద రెక్క లేదు, ముక్కు డాల్ఫిన్‌కు ఉన్నట్టు పొడవుగా లేక గుండ్రంగా ఉంది. మన తీర జలాల్లో ఉండే రెక్కలేని పోర్పస్ అది. మూతి చుట్టూ, ముందరి రెక్కల మొదళ్ల దగ్గర చర్మం సన్నని గీతలుగా తెగి ఉంది. నైలాన్ దారపు గుర్తులని చూడగానే తెలుస్తుంది. మా చిన్న మనవడు దాన్ని తట్టి లేపమన్నాడు.

పక్కనే పడవ నీడన వల బాగుచేసుకుంటున్న పెద్దాయనను అడిగాను. ముందు తనకేమీ తెలియదన్నాడు. నేను అధికారిని కాదని, పంతులునని నమ్మకం కుదిరాక నోరు విప్పాడు. "మొన్న మాపు మా పక్కోళ్ల వల్లో పడిందయ్యా. తీసేసరికే పానం పోయింది. బతికున్నా ఏం జేస్తాం? వల కోస్తే అది బతుకుద్ది, మళ్లా మాకు వలెవురిస్తారు? అప్పు జేసి కొన్నది గదా. పోనీ ఆఫీసోళ్లకు జెప్తే, మీరే చంపినారని కేసు రాస్తారంట." ఆ మాటలు ఆయన అన్నది అన్నట్టే రాశాను.

ఆయన భయం ఉత్త భయం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రెక్కలేని పోర్పస్ మొదటి షెడ్యూలులో, పెద్దపులి సరసన ఉంది. ఆ రక్షణ ఉండవలసిందే. కానీ కావాలని చంపినవాడికీ, వేరే చేపకు వేసిన వలలో అది పడినవాడికీ మధ్య తేడాను ఊరివాళ్లకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. అందువల్ల చచ్చిన ప్రతి జంతువూ చీకట్లో సముద్రంలోకే తిరిగి వెళుతోంది, లెక్కలోకి రావడం లేదు. మెక్సికోలో కనీసం ఎన్ని మిగిలాయో లెక్క ఉంది. మన తీరంలో ఏటా ఎన్ని పోతున్నాయో రాసే పుస్తకమే లేకపోతే, ఈ జాతి మనకు ఇంకా మిగిలి ఉందో లేదో తెలిసేది ఎలా?

వల కోసి జంతువును వదిలిన మత్స్యకారుడికి వల ఖరీదు ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2018 చివరి నుంచి డాల్ఫిన్, పోర్పస్, తాబేలు, తిమింగల సొరచేప వంటి రక్షిత జీవులు పడినప్పుడు వల కోసి వదిలినవారికి 25,000 రూపాయల వరకు పరిహారం ఇస్తోంది. గుజరాత్‌లో తిమింగల సొరచేపల కోసం ఇలాంటి ఏర్పాటే చేశారు. అక్కడ రామకథలు చెప్పే మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డగా చెప్పిన మాట మత్స్యకారుల ఇళ్లలో నాటుకుంది. మనకూ అలాంటి గొంతులకు కొదవ లేదు. మత్స్యావతారంలో స్వామి వెలసిన నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయం మన జిల్లాలోనే ఉంది. సూర్యపూజ రోజుల్లో అక్కడికి వచ్చే జనానికి ఈ నాలుగు మాటలు చెప్పిస్తే వద్దనేవారుండరు.

అదే సమయంలో చిన్న పడవవాడి మీదే భారమంతా వేయకూడదు. 1994 నాటి మన రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద తీరానికి ఎనిమిది కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే వదలాలి. ఆ మేరలోకి తమిళనాడులోని కడలూరు మరబోట్లు వచ్చి అడుగు ఊడ్చుకుపోతున్నాయని ఈ తీరంలో వినిపించే గోడు ఈనాటిది కాదు. తడకు దక్షిణాన ఉన్న చెన్నై తీరంలో 2025 జనవరిలో వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కొట్టుకువచ్చాయి. అడుగు ఊడ్చే ట్రాల్ వలలకు తాబేలు బయటపడే దారి బిగించలేదన్న కారణంతోనే 2019 నుంచి సముద్రంలో పట్టిన మన రొయ్యలను అమెరికా కొనడం మానేసింది. వకీటా తిరిగే చోట గిల్ నెట్లతో పట్టిన మెక్సికో రొయ్యల దిగుమతికి అంతకు ముందు ఏడాదే అమెరికా కోర్టు అడ్డుకట్ట వేసింది. జంతువు పోయాక మార్కెట్ కూడా పోతుందని మనవాళ్లకు లెక్కల్లో చూపించవచ్చు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచారు. మత్స్యశాఖ సిబ్బంది ఊరూరా తిరిగి పడవల లెక్క చూసుకునేది ఈ భృతి కోసమే. ఆ తిరుగుడులోనే మత్స్యశాఖ, అటవీశాఖ కలిసి మూడు పనులు చేయాలని జిల్లా కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వలలో పడిన రక్షిత జంతువు సమాచారం ఇచ్చినవాడిపై కేసు ఉండదని తెలుగులోనూ తమిళంలోనూ రాసి ప్రతి చేపల రేవులో బోర్డు పెట్టించి, ఫోన్ చేయవలసిన నంబరు కూడా దాని మీద వేయించాలి. వల కోసి వదిలినవారికి మహారాష్ట్ర తరహాలో పరిహారం ఇచ్చే ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వానికి పంపాలి; ఆ డబ్బు పడవ యజమానికి కాక వల ఎవరిదో వారికి అందేలా చూడాలి. తీరానికి కొట్టుకువచ్చిన ప్రతి పోర్పస్, డాల్ఫిన్, తాబేలు వివరాన్ని తేదీతో సహా ఒక రిజిస్టరులో నమోదు చేయించాలి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. శవపరీక్షకు మనిషిని పంపడం వారికి భారం కాదు. జూన్ 15 తెల్లవారుజామున పడవలు మళ్లీ నీటిలోకి దిగేలోపు మొదటి పని, ఆ బోర్డు, పూర్తి కావాలి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి