ఇకపై కొలతలు మిల్లీమీటర్లలో రాసివ్వండి

మా లేత్ వర్క్‌షాప్ కస్టమర్లకు నమస్కారం. వచ్చే నెల 1 నుంచి టర్నింగ్, మిల్లింగ్ పనులకు ఫోన్‌లో చెప్పిన కొలతలు తీసుకోం. కాగితం మీద మి.మీ.లలో ఉండాలి. ఇన్నాళ్లూ మీరు సూత్‌ల్లో (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) చెబితే మేమే లెక్కగట్టి రాసుకున్నాం. అది మా తప్పే. నాలుగు సూత్‌లంటే 12.7 మి.మీ. చెప్పినవాళ్లకు చాలాసార్లు కావలసింది మాత్రం ఎం12, అంటే 12 మి.మీ. మెట్రిక్ థ్రెడ్.

అసలు తంటా థ్రెడ్‌లతోనే. 3/8 అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల థ్రెడ్) బోల్టు ఎం10 నట్టులోకి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కుతుంది. దాంతో సరిపోయిందనుకుంటారు. కానీ ఆ బోల్టు 9.525 మి.మీ.లే, పిచ్ (ఒక థ్రెడ్ నుంచి పక్క థ్రెడ్‌కు దూరం) 1.5875, థ్రెడ్ కోణం 55 డిగ్రీలు. ఎం10 పిచ్ 1.5, కోణం 60. పట్టు థ్రెడ్ కొనల దగ్గరే ఉంటుంది కాబట్టి, స్పానర్ వేసి గట్టిగా బిగిస్తే థ్రెడ్ కొట్టుకుపోతుంది. అందుకే "ఎం10×1.5" అని పూర్తిగా రాయండి, దానికి 8.5 మి.మీ. డ్రిల్ వేసి ట్యాప్ కొడతాం (లోపల థ్రెడ్ తీస్తాం). ఏ థ్రెడ్డో తెలియకపోతే పాత బోల్టు, నట్టు రెండూ తెండి, పిచ్ గేజ్ పెట్టి చూస్తాం.

బేరింగ్ సీటుకు ఉత్త "25" చాలదు. టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో) రాయకపోతే ఐఎస్‌ఓ 2768 అనే అంతర్జాతీయ ప్రమాణంలో మీడియం తరగతి ప్రకారం ±0.2 వరకు పాసే, 25 మి.మీ. రంధ్రమున్న 6205 బేరింగ్ ఆ షాఫ్ట్ మీద గిరగిరా తిరిగినా సరే. "25 కె6" (కె6 అన్నది టాలరెన్స్ గుర్తు) అని రాస్తే 25.002 నుంచి 25.015 లోపల గ్రైండ్ చేసి ఇస్తాం. "ఒక అంగుళం షాఫ్ట్" అంటే 25.4; దాని మీదికి ఆ బేరింగ్ ఎక్కనే ఎక్కదు.

షీటుకు గేజ్ నంబరు వద్దు, మందం రాయండి. 16 గేజ్ బ్రిటిష్ లెక్కలో 1.63, అమెరికన్ స్టీల్ షీటు లెక్కలో 1.52.

పైపు థ్రెడ్‌లను మాత్రం మార్చకండి. అరంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్) బయటి వ్యాసం 20.955 మి.మీ.; అక్కడ అరంగుళమన్నది పేరుకే. పాత ఇంగ్లిష్ మెషిన్ల స్పేర్లూ అంగుళాల్లోనే చేస్తాం, విట్‌వర్త్ ట్యాపులు తీసేయడం లేదు.

ఇంకో మాట. మా పెద్ద లేత్ లీడ్‌స్క్రూ (థ్రెడ్ తీసేటప్పుడు టూల్‌ను జరిపే పొడవాటి స్క్రూ) అంగుళానికి 4 థ్రెడ్‌లది. దాని మీద మెట్రిక్ థ్రెడ్ తీయాలంటే 127 పళ్ల గేర్ వేయాలి, పని అయ్యేదాకా ఆ స్క్రూను పట్టుకునే హాఫ్ నట్టు విప్పకూడదు, ప్రతి కట్‌కూ మెషిన్‌ను రివర్స్‌లో వెనక్కి తేవాలి. కాబట్టి పొడవాటి షాఫ్ట్‌ల మీద మెట్రిక్ థ్రెడ్ ఉంటే డెలివరీకి ఒక రోజు అదనంగా పడుతుంది. రేటు మారదు.