హౌస్‌సర్జన్లకు కేస్‌షీట్ రాయడం నేర్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

చదవడానికి వీలైన మందుచీటీ రోగి ప్రాథమిక హక్కు అని 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పింది. వైద్య విద్యలో చేతిరాత పాఠాలు చేర్చాలని కూడా ఆదేశించింది. సంతోషం. అయితే ప్రభుత్వ బోధనాసుపత్రి వార్డుల్లో పాతికేళ్లకు పైగా నర్సుగా చేసినదాన్ని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినా పనికిరాని కేస్‌షీట్లు, అంటే రోగి పరిస్థితినీ వైద్యాన్నీ రోజూ రాసే కాగితాలు, ఎన్నో చూశాను. ఎంబీబీఎస్ పరీక్షలు ముగించి వార్డుల్లో శిక్షణ పొందే హౌస్‌సర్జన్లకు ఏం రాయాలో దగ్గరుండి నేర్పేవాళ్లు లేకపోవడమే అసలు లోటు.

ఎంబీబీఎస్ ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేస్ ఇస్తే, అంటే ఒక రోగిని పూర్తిగా పరీక్షించి రాయమంటే, ఈ పిల్లలే పేజీలకు పేజీలు రాస్తారు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎలా ముదిరింది, ఇంట్లో ఇంకెవరికుంది, ఏ పని చేసుకుని బతుకుతున్నాడు, ఏదీ వదలరు. హౌస్‌సర్జన్లయి వార్డుకొచ్చిన కొద్ది రోజులకే ‘జీసీ ఫెయిర్, వైటల్స్ స్టేబుల్, సీఎస్‌టీ’ అని గీకేసి పక్క మంచానికి వెళ్లిపోతారు. రోగి పరిస్థితి ఫర్వాలేదు, నాడి, బీపీ లాంటివి నిలకడగా ఉన్నాయి అని మొదటి రెండింటి అర్థం. సీఎస్‌టీ అంటే నిన్నటి వైద్యమే కొనసాగించమని. వాళ్లను తప్పుపట్టలేను. రక్తం తీయాలి, రిపోర్టుల కోసం ల్యాబ్‌కు పరుగెత్తాలి, రోగిని స్కానింగ్‌కు పంపాలి. పైగా వాళ్లు రాసింది పెద్ద డాక్టర్లెవరూ చదవరని వాళ్లకు తెలుసు.

ఇలా రాస్తే వచ్చే కష్టం రాత్రి డ్యూటీలో తెలుస్తుంది. షుగరు పుండుతో చేరిన మనిషికి అర్ధరాత్రి చలిజ్వరం వస్తుంది. డ్యూటీ డాక్టరుకు ఆ రోగి కొత్త. కేస్‌షీట్ తిప్పితే నిన్న యాంటీబయాటిక్ మార్చినట్టు ఉంటుంది, ఎందుకు మార్చారో ఉండదు. పాతది పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయా? ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టు వచ్చిందా? మంచం కింద పడుకున్న భార్యను లేపి అడగాలి. ‘ఎర్రమూత సీసా మందు ఆపేశారు బాబూ, ఎందుకో చెప్పలేదు’ అంటుంది ఆ తల్లి.

ఇన్సులిన్ దగ్గర మరీ భయం. పది అంకె పక్కన యూనిట్లకు గుర్తుగా ఇంగ్లిష్ ‘యు’ పెడితే, తొందరలో అది సున్నాలా కనిపించి పది కాస్తా వంద అవుతుంది. సీనియర్ సిస్టర్ అయితే అనుమానం వచ్చి ఫోన్ చేసి అడుగుతుంది. కొత్తగా చేరిన అమ్మాయికి డాక్టర్ని అడిగే ధైర్యం ఎక్కడిది?

సమస్యలవారీగా రికార్డు రాయాలని అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లోనే చెప్పారు. రోగి చెప్పింది, డాక్టరు చూసింది, దాన్నిబట్టి అనుకుంటున్నది, ఇక చేయబోయేది: ఈ నాలుగూ నాలుగు వాక్యాల్లో రాయొచ్చు. కంప్యూటర్లు వస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట నేను నమ్మను. నిన్నటి నోట్‌ను ఇవాళ్టికి అతికించడం అందులో ఇంకా తేలిక.

వారానికి ఒకరోజు రౌండ్స్ అయ్యాక అసిస్టెంట్ ప్రొఫెసర్ రెండు మూడు కేస్‌షీట్లు తీసి, రాసిన పిల్లల ముందే చదివి దిద్దాలి. రాత్రి డ్యూటీ చేసిన నర్సునూ అందులో కూర్చోబెట్టాలి. ఏది అర్థం కాలేదో ఆమె చెబుతుంది. ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేముందు రోగిని ఇంటికి పంపేటప్పుడు ఆ హౌస్‌సర్జన్ రాసిన డిశ్చార్జ్ సమ్మరీలు కూడా చూడాలి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. ఊళ్లో ఇంకో డాక్టరు వైద్యం చేయాల్సింది ఆ కాగితాన్ని చూసే కదా!

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం తలచుకుంటే వచ్చే బ్యాచ్ నుంచే ఇది మొదలుపెట్టొచ్చు. కొత్త పోస్టులు అక్కర్లేదు, కొత్త గదులూ అక్కర్లేదు. రెండు విశ్వవిద్యాలయాల అధికారులూ ఈ విషయం ఆలోచించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

– ఒక విశ్రాంత హెడ్‌నర్సు, తెనాలి