12 వేలు అనుకుంటే 19 వేలు

ఎడిటర్ గారికి నమస్కారం. ఈసారి క్రిస్మస్‌కి 12 వేలు దాటకూడదని మా ఆవిడా నేనూ క్యాలెండర్ వెనకాల లెక్క రాసుకున్నాం, తీరా చూస్తే 19 వేలు అయ్యింది. పిల్లల బట్టలకే 7 వేలు, ఇక బ్లౌజులు కుట్టేవాళ్లు డిసెంబర్ అనగానే రేటు పెంచేస్తారు కదా. కేకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాస్తా 5 చేశారు, మా వీధి చివర బేకరీలో మాత్రం పోయినేడు రేటే, అడిగితే గుడ్లు పెరిగాయండీ అంటాడు. అర్ధరాత్రి క్యారల్స్‌కి వచ్చిన 30 మందికి టీ బిస్కెట్లు, కవర్లో కానుక, అది మాత్రం తగ్గించను లెండి. స్టార్ పాతదే, బల్బు మార్చా అంతే. ట్యాక్స్ తగ్గినా షాపుల్లో రేటు ఎందుకు తగ్గలేదో మీ పేపర్లో ఓసారి రాయండి సార్.

- ఒక పాఠకుడు, గుంటూరు