కోడితోపాటు గూడు కూడా ఇవ్వండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. పేద కుటుంబాలకు కోళ్లు, మేకలు ఇవ్వడం మంచి పనే. దాన్ని తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఈక్వడార్‌లో 6 నుంచి 9 నెలల వయసు పిల్లలకు ఆరు నెలలపాటు రోజుకో గుడ్డు పెట్టి చూస్తే, పిల్లలు గిడసబారడం 47 శాతం తగ్గిందని 2017లో తేలింది. మలావీలో అలాగే చేస్తే ఎత్తులో తేడా రాలేదనుకోండి, అది వేరే సంగతి. మొత్తం మీద ఇంట్లో గుడ్డు, పాలు ఉంటే పిల్లలకు మేలే.

నేను అడిగేదల్లా ఒకటే. మీరిచ్చిన కోడి రాత్రిపూట ఎక్కడ పడుకుంటోంది?

2016లో ఇథియోపియా పల్లెల లెక్కలు చూసిన పరిశోధకులకు రెండు విషయాలు కనిపించాయి. కోళ్లున్న ఇళ్లలో పిల్లల ఎదుగుదల కాస్త మెరుగ్గా ఉంది. కానీ రాత్రి కోళ్లను మనుషులుండే ఇంట్లోనే మూసేసే చోట మాత్రం ఎదుగుదల తక్కువగా ఉంది.

పాకే పిల్లాడి పక్కన కాసేపు నేలమీద కూర్చుంటే ఎందుకో తెలుస్తుంది. మనం దాటుకుంటూ వెళ్లిపోయే ఎండిన రెట్ట వాడికి కంటికి ఎదురుగా ఉంటుంది. అది మట్టిపెళ్లో, రెట్టో వాడికేం తెలుసు? చేత్తో నలుపుతాడు, ఆ వేళ్లే నోట్లో పెట్టుకుంటాడు. జింబాబ్వేలో పసిపిల్లల్ని గంటల తరబడి గమనించినవాళ్లు, కొందరు రెట్టనే నోట్లో వేసుకోవడం కళ్లారా చూశారు.

ఆ రెట్టలో కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దానివల్ల కోడికి సాధారణంగా ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దూడ పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం ఇంకా మొండిది, నీళ్లలో మామూలుగా కలిపే క్లోరిన్‌కు లొంగదు. విరేచనాలైతే కనీసం ఆస్పత్రికి తీసుకెళ్తారు. విరేచనాలు లేకుండానే క్రిములు మాటిమాటికీ లోపలికి వెళ్లి పేగు లోపలి పొర దెబ్బతింటే మాత్రం, ‘పెడుతూనే ఉన్నాం, ఒంటికి పట్టడం లేదు’ అని తల్లి తలపట్టుకోవడమే మిగులుతుంది.

ఇంట్లో కోళ్లు పెట్టుకునేవాళ్లను తిట్టి లాభం లేదు. బయట వదిలితే దొంగలో, కుక్కలో ఎత్తుకుపోతాయన్న టెన్షన్ వాళ్లది. అలాగని పెరట్లో నాలుగు గజాల వల కట్టించి చేతులు దులుపుకున్నా కుదరదు. పెరూ రాజధాని లిమా శివారు బస్తీల్లో కోళ్లను ఇంటి ఆవరణలోనే కంచెవేసి ఉంచితే, ఆ ఇళ్ల పిల్లలకు కాంపైలోబాక్టర్ విరేచనాలు తగ్గకపోగా పెరిగాయని 2006లో ప్రచురించారు. రెట్టంతా ఒకచోట పోగుపడి, పిల్లలు అందులోకి దూరితే అంతే మరి.

అందుకే పథకం ఖర్చులోనే తాళం పడే గూడు కూడా ఉండాలి. అది పిల్లలు పడుకునే, ఆడుకునే చోటికి దూరంగా ఉండాలి. చిన్న చేతులకు అందని గడియ ఉండాలి, రెట్ట ఎత్తడానికి వీలుండాలి. ఆ రెట్ట ఎక్కడ వేయాలో, ఎత్తాక చేతులు సబ్బుతో ఎందుకు కడగాలో కోళ్లు ఇచ్చే రోజే మీ సిబ్బంది చూపించాలి. పిల్లల బరువు చూసే ఆరోగ్య కార్యకర్తకు ఏ ఇంటికి కోళ్లు ఇచ్చారో మీ శాఖ జాబితా అందాలి. ఇప్పుడు మీ శాఖ కోళ్లను లెక్కపెడుతుంది, ఆరోగ్య శాఖ పిల్లల్ని తూస్తుంది. రెండు ఫైళ్లూ ఒక బల్లమీదికి రావు.

తర్వాతి విడత మార్గదర్శకాలు ఖరారయ్యేలోపే ఆరోగ్య మంత్రిగారితో కలిసి కూర్చుని ఈ మార్పులు చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు