హెడ్‌ఫోను బాగుచేస్తే దొరికిన పాట

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బావా,

కరీంనగర్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. చెల్లెమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయని చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ అందరం క్షేమం. ఎండలు మండిపోతున్నాయి. పొద్దున్నే భద్రకాళి చెరువు గట్టు మీద నాలుగడుగులు నడిచి, ఏడు కొట్టేసరికి ఇల్లు చేరుతున్నాను. మిగతా కబుర్లు తర్వాత. ముందు నీకొక సంగతి చెప్పాలి. నాలుగు రోజుల నుంచి అది నన్ను ఊరుకోనివ్వడం లేదు.

సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు నా మనవరాలితో నేనేమన్నానో గుర్తుందా? అది ఫోనులో ఏదో ఇంగ్లీషు పాట వింటుంటే, "ఇది పాటా, నిద్రలో గొణుగుడా? గొంతు లేనివాళ్లంతా మైకు చాటున పాడేస్తున్నారు" అన్నాను. నువ్వూ తలూపావు. పిల్ల మారు మాట్లాడకుండా ఫోను తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయింది. ఆ మాట తప్పు బావా. వినకుండా అన్న మాట.

పోయిన బుధవారం అదే పిల్ల తన హెడ్‌ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. ఎడమ వైపు మూగబోయింది. చౌరస్తాలో రేడియో షాపు మూసి ఇన్నేళ్లయినా నా సోల్డరింగ్ ఐరన్‌ను అటక ఎక్కనివ్వలేదని నీకు తెలుసు కదా. విప్పి చూస్తే పిన్ను దగ్గర వైరు లోపలే తెగింది. మనం వేలసార్లు చూసిన జబ్బే. కాకపోతే ఈ వైరు వెంట్రుకంత సన్నం. పోగుల మీద సన్నటి రంగు పూత ఉంటుంది. పైన ప్లాస్టిక్ వలిచినంత మాత్రాన సోల్డరు అంటుకోదు. ఐరన్ మొన మీద కరిగిన బొట్టును నిలిపి, వైరు కొసను అందులో ముంచి, ఆ పూత కాలిపోయేదాకా ఓపిక పట్టాలి. సన్నగా పొగ లేస్తుంది, కొస వెండిలా మెరుస్తుంది, అప్పుడు అతుకు నిలుస్తుంది. భూతద్దం కింద ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగు పోగులను విడదీసి అతికేసరికి గంట పట్టింది.

అతికాక రెండు వైపులా పలుకుతోందో లేదో చూడాలి. చెవులకు తగిలించుకుని, ఏదైనా పెట్టమన్నాను. పెట్టింది. మొదట పియానో, మెత్తగా, పక్క గదిలో ఎవరో తమకోసం తాము వాయించుకుంటున్నట్టు. ఆ తర్వాత ఒక ఆడపిల్ల గొంతు. మాటకు ముందు తీసుకున్న ఊపిరి కూడా నా చెవి పక్కనే తీసుకున్నట్టు వినిపించింది. పై స్థాయికి వెళ్లినచోట గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించింది. తగ్గిస్తూ శ్రుతి తప్పకుండా పైకి వెళ్లడం ఎంత కష్టమో నీకు చెప్పాలా? పాట అయిపోయింది. ఎడమ వైపు పలికిందా లేదా అన్నది చూడటమే మరిచాను. మళ్లీ పెట్టమన్నాను.

ఆ అమ్మాయి పేరు బిల్లీ ఐలిష్. 2001 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. నేను విన్న పాట 2023లో వచ్చిన బార్బీ సినిమాలోది. నన్ను దేనికోసం చేశారని ఒక బొమ్మ తనను తాను అడుగుకునే పాట. మనవరాలు చరణాలన్నీ అర్థం చెప్పింది. ఆ పాటకు 2024లో ఆస్కార్ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే జేమ్స్ బాండ్ సినిమా పాటకు ఒకటి వచ్చింది. రెండుసార్లూ ఆమె, ఆమె అన్న ఫినియాస్ కలిసి కట్టిన పాటలే. ఇరవై రెండేళ్లకే రెండు ఆస్కార్లు అందుకున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

అవార్డుల మాట అలా ఉంచు. నన్ను పట్టుకున్నది ఆ మెల్లని గొంతు. సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే మనం మీ ఇంటి అరుగు మీద కూర్చుని వినేవాళ్లం. షార్ట్ వేవ్ కదా, అల వచ్చినట్టు పెరిగేది, తగ్గేది. తగ్గినప్పుడు ఏ.ఎం. రాజా పాట వస్తుంటే నువ్వు చెవి స్పీకరు గుడ్డకు ఆనించేవాడివి. నీ చెంప మీద ఆ గుడ్డ నేత అచ్చు పడేది. 'మిస్సమ్మ'లో రామారావుకు రాజా పాడితే, అంతటి విగ్రహానికి ఇంత సన్నని గొంతా అని పెద్దవాళ్లు అనేవారు. నువ్వు ఒప్పుకోలేదు. "అరిచేవాడు పదిమందికి పాడతాడు, రాజా నాకొక్కడికే పాడతాడు" అన్నావు. నీ మాటే బావా ఇది. అదే మాట ఈ అమ్మాయికి ఎందుకు వర్తించదు? నేను గొంతు లేదనుకున్నది మైకును ఎరిగి పాడటం. పెదవికీ మైకుకీ మధ్య జానెడు దూరంలో ఎంత నేర్పు ఉందో మనకు మిమిక్రీ నేరెళ్ల వేణుమాధవ్ చూపించలేదా? మైకుకు దగ్గరగా వంగితే ఒక మనిషి, బెత్తెడు వెనక్కి జరిగితే ఇంకో మనిషి, పక్కకు తిరిగితే ఏకంగా ఇంగ్లీషు సినిమాలో యుద్ధం. అది చూసి పెరిగిన ఓరుగల్లు వాళ్లం, మనమే ఈ పిల్ల పనితనాన్ని మొదట గుర్తించాల్సింది.

వేణుమాధవ్ గారు వినుంటే సంతోషించేవారని నాకు అనిపించిన పాటలు ఇంకో రెండున్నాయి. ఒకదాంట్లో పళ్ల డాక్టరు దగ్గర ఆమె పళ్ల మీద తిరిగిన మిషను చప్పుడు ఉంది. ఇంకొకదాంట్లో సిడ్నీలో రోడ్డు దాటేచోట సిగ్నలు చేసే టకటక. ఫోనులో పట్టుకొచ్చి తాళంలో కలిపేశారు. చెబితే గానీ తెలియదు, తెలిశాక మరిచిపోలేం.

ఇదంతా ఎక్కడ చేశారనుకున్నావు? ఇంట్లో, అన్న పడకగదిలో. పేరు తెచ్చిన మొదటి పాట 2015లో బయటికి వచ్చేనాటికి ఆమెకు పదమూడేళ్లు. డ్యాన్సు మాస్టారు ఆడించడానికి ఒక పాట కావాలంటే, అన్న రాసిన పాటను పాడి ఇంటర్నెట్‌లో పెట్టారు. 2019లో వచ్చిన మొదటి పెద్ద ఆల్బమ్ కూడా ఆ గదిలోదే. మరుసటి ఏడాది గ్రామీ సంగీత అవార్డుల్లో ముఖ్యమైన నాలుగూ ఒకే రాత్రి ఆమెకే ఇచ్చారు.

ఒకే వరుసను ఎన్నోసార్లు పాడి, బాగా కుదిరిన ముక్కలు ఏరి కలుపుతారు. ఆమే దాచకుండా చెబుతుంది. ఇక్కడ నువ్వు కస్సుమంటావు. వాద్యబృందమంతా ఒక్కసారే కూర్చుని, ఎవరు తడబడినా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్న రోజులు అంటావు. ఆ సాధన మీద నా గౌరవం ఇసుమంత తగ్గలేదు. కానీ ఏరడానికీ చెవి కావాలి. తన గొంతు మీదే తన గొంతును నాలుగైదు వరుసలు పాడి పెడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి పేర్చడం గుర్తొచ్చింది. ఒక్క వరుస పట్టు తప్పితే బతుకమ్మ ఒరిగిపోతుంది. ఈ పాటల్లో ఎక్కడా ఒరగలేదు.

అన్నీ నచ్చాయని చెప్పను. కొన్నింట్లో కింది దరువు మరీ ఎక్కువై మాట మునిగిపోతుంది. వీడియోలు కొన్ని చూడలేకపోయాను.

మూడోసారి విన్నాక హెడ్‌ఫోను తీసి, సంక్రాంతి నాటి మాట వెనక్కి తీసుకుంటున్నానని పిల్లకు చెప్పాను. అది కాసేపు నన్నే చూసి, పక్కకు జరిగి చోటిచ్చి, "తాతా, మరి మీ రాజా పాట ఒకటి పెట్టు" అంది. ఆ రాత్రి పదకొండు దాకా మార్చి మార్చి విన్నాం. రాజా పాట అయ్యాక, "ఈయనా చెవిలోనే పాడుతున్నాడు" అంది. నీకు అప్పటికప్పుడు ఫోను చేయాలనిపించింది, నిద్రపోయి ఉంటావని ఆగాను.

రేపు కరీంనగర్ వస్తున్న మా అల్లుడి చేతికి ఒక హెడ్‌ఫోను ఇచ్చి పంపుతున్నాను. ఫోను స్పీకరులో వినకు, ఆ ఊపిరి అందదు. ఇల్లు సద్దుమణిగాక విను. నీ ఎడమ చెవికి వినికిడి తగ్గిందన్నావు కదా. అందుకే పిన్ను దగ్గర రెండు చిన్న రెసిస్టర్లు వేసి, రెండు వైపుల పాటనూ ఒక్కటిగా కలిపేశాను. కుడి చెవికి మొత్తం వస్తుంది. అతుకు ఇంకా కొత్తది, వైరు పట్టుకుని లాగకు.

నీ బావ