మార్చి మొదటి రెండు వారాల గురించి, తీర్థన్ ఒడ్డు నుంచి

అందరికీ నమస్కారమండీ.

ఈ నెల 1 నుంచి 15 దాకా హిమాచల్‌లో తీర్థన్ నది పక్కనున్న మా బసకి ట్రౌట్ చేపల వేటకని వచ్చినవాళ్ళు పదకొండు మంది. చేప పట్టినవాళ్ళు నలుగురు. మిగతా ఏడుగురూ తీర్థన్ నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి, వేళ్ళు కొంకర్లు పోయి, వేడి వేడి సిడ్డూ (ఇక్కడి ఆవిరి రొట్టె) నెయ్యిలో ముంచుకుని తిని, కొండల ఫొటోలు తీసుకుని ఊరెళ్ళిపోయారు. ఒక్కరు కూడా నన్ను ఏమీ అనలేదు. "చేపలన్నాక పడొచ్చు, పడకపోవచ్చు, నువ్వేం చేస్తావులే" అని నన్నే ఓదార్చారు. వాళ్ళు నాలుగు మాటలు అనేసి ఉంటే నాకు నిద్ర పట్టేది.

ఎందుకంటే తప్పు చేపలది కాదు, నాది. జనవరిలో నేను పెట్టిన పోస్టు చాలామందికి గుర్తుండే ఉంటుంది. "సీజన్ మొదటి రోజు, మొదటి చేప మీదే" అని రాసి, కింద ఒక పెద్ద బ్రౌన్ ట్రౌట్ ఫొటో పెట్టాను. ఆ చేప మా నదిదే, పట్టింది మా గెస్టే. కానీ పట్టింది అక్టోబరులో. ఫొటో కింద ఆ ముక్క రాయలేదు. మార్చి మొదటి వారంలో నది ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలిసే రాయలేదు.

ఎందుకు రాయలేదో కూడా చెప్పేస్తాను. హిమాచల్‌లో ట్రౌట్ ఉన్న నదుల్లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా వేట బంద్. ఆ నాలుగు నెలలూ మా గల్లాపెట్టెలో గాలి తప్ప ఏమీ ఉండదు. ఇల్లు మాది కాదు. బయటి రాష్ట్రంవాళ్ళు ఇక్కడ పొలం కొనడం అంత తేలిక కాదు, ఇక్కడి భూచట్టంలో సెక్షన్ 118 అడ్డొస్తుంది. గుషైనీకి కొంచెం పైన, నది పక్కనే నాలుగు గదుల ఇల్లు లీజుకి తీసుకున్నాం. లీజు మాత్రం పన్నెండు నెలలకీ కట్టాలి. ఫిబ్రవరి వచ్చేసరికి ఎవరైనా అడ్వాన్సు పంపితే చాలు, ఏ తేదీ అయినా ఇచ్చేద్దాం అనే పరిస్థితి. ఇచ్చేశాను.

ఇప్పుడు నది సంగతి. జనవరిలో చెప్పాల్సింది, మార్చి చివర్లో చెబుతున్నాను.

ఈ నెల మొదట్లో పొద్దున్నే థర్మామీటరు నీళ్ళలో పెడితే ఐదు, ఆరు డిగ్రీలు చూపించేది. మధ్యాహ్నం రెండింటికి ఎండ బాగా కాస్తే ఎనిమిది. ట్రౌట్ చల్లటి నీళ్ళ చేపే కానీ, మరీ ఇంత చలిలో దానికీ బద్ధకమే. దాని ఒంటి వేడి నీళ్ళ వేడితో పాటే పెరిగి తగ్గుతుంది. నీళ్ళు చల్లబడితే తిన్నది అరగదు, అరగకపోతే ఆకలి ఉండదు. పది డిగ్రీలు దాటాకే సరిగ్గా మేతకి దిగుతుంది. అప్పటిదాకా లోతు మడుగుల్లో, పెద్ద బండల వెనక, అడుక్కి ఆనుకుని పడుకుని ఉంటుంది. నోటి ముందుకి వచ్చింది తింటుంది. జానెడు పక్కగా పోతే తల కూడా తిప్పదు.

ఫ్లై ఫిషింగ్‌లో ఇది ఎందుకంత కష్టమో, కొత్తవాళ్ళ కోసం. మనవైపు గాలం విసిరితే బరువంతా సీసపు గుండుది, ఎరది. దారం వాటి వెనక పోతుంది. ఫ్లైకి ఆ బరువు ఉండదు. హుక్కుకి కుందేలు బొచ్చు, నెమలీక పోగు, సన్న దారం చుట్టి కట్టిన పురుగు బొమ్మ అది, బియ్యపు గింజంత. దాన్నే ఈగ అంటాం. అందుకని ఇక్కడ బరువు దారానికే ఉంటుంది. లావుపాటి ఫ్లై లైన్‌ని గాల్లో వెనక్కీ ముందుకీ ఆడించి, దాని ఊపుతో ఈగని నీళ్ళ మీదికి పంపాలి. పంపాక అసలు పని మొదలవుతుంది. ప్రవాహం ఎంత వేగంగా పోతే ఈగ కూడా అంతే వేగంగా పోవాలి. దారం కాస్త బిగిసి దాన్ని పక్కకి లాగిందా, చేపకి తెలిసిపోతుంది. నీళ్ళలో కొట్టుకొచ్చే పురుగు అడ్డంగా ఈదదు కదా.

పైన తేలే ఈగలకి ఈ రోజుల్లో పని లేదు. చేప పైకి రాదు. బరువైన టంగ్‌స్టన్ పూస గుచ్చిన నిమ్ఫ్‌లే (నీటి పురుగు పిల్లల్లా కట్టిన ఈగలు) వాడాలి, అవి అడుగు దాకా మునుగుతాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి రోజు రాడ్ ఇవ్వకుండా నది అంచున ఒక రాయి తిరగేసి చూపిస్తాం. ఈసారి రాడ్ కంటే ఆ రాయే ఎక్కువమందికి నచ్చింది. అరచేతిని చల్లదనం కొరికేస్తుంటే రాయిని ఎత్తి పట్టుకోవాలి. మొదట పాచి తప్ప ఏమీ కనబడదు. పది సెకన్లు ఆగితే పాచి కదులుతుంది. చదునుగా, రెండు తోకలతో, రాయికి అంటుకుపోయి పాకేది స్టోన్‌ఫ్లై పిల్ల. మూడు తోకలతో సన్నగా ఉండేది మేఫ్లై పిల్ల. ఇసుక రేణువుల్ని ఒంటికి గొట్టంలా అంటించుకుని లోపల దాక్కునేది క్యాడిస్. ట్రౌట్‌కి ఈ కాలంలో బువ్వ అదే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పాప మూడు రోజులూ రాళ్ళే తిరగేసింది, రాడ్ ముట్టుకోలేదు. వాళ్ళ నాన్నకి చేప పడలేదు. ట్రిప్పు మొత్తంలో డబ్బులు గిట్టింది ఆ పాపకేనని నా అభిప్రాయం.

చేప పడ్డ నలుగురిలో ఒకాయన గురించి చెప్పాలి. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న పెద్దాయన, కొడుకూ కోడలితో వచ్చారు. మొదటి రోజంతా ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని మమ్మల్ని చూసి నవ్వారు. "ఇంత కష్టమెందుకు బాబూ, ఒక వల తెప్పించకూడదూ" అన్నారు. వల వేస్తే జైలే బాబాయ్ గారూ అన్నాను. రెండో రోజు మధ్యాహ్నం భోజనానికి ముందు, ఏమనుకున్నారో, రాడ్ ఇలా ఇవ్వమన్నారు.

విసరడం ఆయనకి రాలేదు. రెండుసార్లు చెట్టుకి, ఒకసారి నా టోపీకి తగిలించారు. కానీ బెండుని చూడటం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నిమ్ఫ్ వాడేటప్పుడు దారానికి చిన్న నారింజ రంగు బెండు కడతాం. చలిలో చేప గుంజదు, నోట్లో పెట్టుకుని ఊరుకుంటుంది. బెండు మునగదు. రెప్పపాటు ఆగుతుంది, అంతే. ఐఐటీలో చదివిన కుర్రాళ్ళు రెండు రోజులు చూసినా ఆ ఆగడం పట్టుకోలేకపోయారు. ఆయన ఒంటిగంటా నలభైకి బండ వెనక మడుగులోకి బెండు వెళ్ళి ఒక్క క్షణం తడబడగానే మణికట్టు లేపారు. జానెడున్నర చేప. లేత పసుపు పొట్ట, ఒంటి నిండా నల్ల మచ్చలు, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు, ఒక్కో ఎర్ర చుక్క చుట్టూ తెల్లటి గీత. చెయ్యి తడి చేసుకుని పట్టుకోమన్నాను. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, తర్వాత ఫంగస్ వచ్చి చావొచ్చు. ముల్లు లేని హుక్కు కాబట్టి వేలితో తిప్పగానే వచ్చేసింది. నీళ్ళలో పట్టుకుని ఉంటే మొప్పలు నాలుగుసార్లు ఆడించి జారుకుంది.

ఆయన చేతులు తుడుచుకుంటూ, "మా చెరువులో అయితే దీన్ని సీడు అంటారు" అన్నారు, అంటే పెంచడానికి వదిలే పిల్ల అని. మళ్ళీ సాయంత్రం ఐదింటి దాకా నీళ్ళలోంచి బయటికి రాలేదు.

ఇక దాచకూడని ఇంకో విషయం. 9వ తేదీన ఒక గెస్ట్ నీళ్ళలో జారి పడ్డారు. మోకాలు కొట్టుకుపోయింది, ఫోను తడిసింది, బట్టలు మార్చేదాకా వణికిపోయారు. ఇంతకంటే ఏమీ కాకపోవడం అదృష్టం. కారణం మా బూటు. నదిలో దిగే బూట్ల కింద ఫెల్ట్ అట్ట ఉంటుంది, పాచి పట్టిన రాళ్ళ మీద పట్టు దానిదే. చలికాలమంతా స్టోరు రూములో పడి ఉండి జిగురు ఊడిపోయింది. సీజన్‌కి ముందు ప్రతి జతా వంచి చూడాలి. నేను పైపైన తుడిచి వరసగా పెట్టేశాను. ఆ గెస్ట్‌కి మొత్తం డబ్బు తిరిగిచ్చాం, ఫోను రిపేరు ఖర్చు కూడా ఇచ్చాం. బూట్లన్నీ తీసి చూస్తే పన్నెండు జతల్లో ఐదు జతలు అలాగే ఉన్నాయి. వాటిని పారేశాం. కొత్తవి వచ్చేదాకా ఒకేసారి ఏడుగురికి మించి నీళ్ళలోకి దింపం.

ఇప్పుడు మారేవి.

వచ్చే ఏడాది నుంచి మార్చి 1 నుంచి 15 దాకా "ఫిషింగ్ ట్రిప్" అని అమ్మను. వస్తామంటే రండి, గది అద్దె, భోజనం మాత్రమే తీసుకుంటాం. విసరడం నేర్పిస్తాం, రాళ్ళు తిరగేయిస్తాం, చేప పడితే మీ అదృష్టం. గైడ్ ఫీజు ఉండదు. గైడ్‌కి మాత్రం నేను ఇస్తాను. అతను మా ఇంటి ఓనరుగారి మేనల్లుడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. జనవరిలో నా పోస్టు చూసి, "భాయ్‌జీ, అక్టోబరు చేపని మార్చిలో ఎలా పట్టిస్తారు?" అని అప్పుడే అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

ఈ ఏడాది ఆ పదిహేను రోజుల్లో వచ్చిన మీ అందరికీ గైడ్ ఫీజు వెనక్కి పంపుతున్నాను. చేప పడ్డవాళ్ళకి కూడా. భీమవరం బాబాయ్ గారు అప్పుడే వద్దన్నారు, అయినా పంపుతాను.

మంచి రోజులు ఎప్పుడని అడిగేవాళ్ళకి: నా లెక్కలో మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ నెలాఖరు, తర్వాత మళ్ళీ వర్షాలు తగ్గాక సెప్టెంబరు చివర, అక్టోబరు. మే, జూన్‌లో పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, నిలబడటం కష్టం. జులై, ఆగస్టుల్లో రమ్మని నేను పిలవను. 2023 జులైలో కులూ జిల్లాలో నదులు ఏం చేశాయో టీవీల్లో అందరూ చూశారు. మార్చిలో కూడా ఒక వాన పడిందంటే రెండు రోజులు నీళ్ళు టీ రంగులోనే ఉంటాయి. దానికి రీఫండ్ అడక్కండి, వాన నా చేతిలో లేదు. గోదావరికి ఎర్రనీళ్ళు రాకుండా పులస కావాలంటే ఎలా వస్తుంది? అలాగే ఇదీ. కాకపోతే ఇక్కడ లెక్క తిరగబడింది, ఎర్రనీళ్ళు వస్తే మన పని అయిపోయినట్టే.

ఇంకో మార్పు కొంతమందికి నచ్చకపోవచ్చు. ఏప్రిల్ 10 దాకా సన్న గులకరాళ్ళున్న లోతు తక్కువ నీళ్ళలో ఎవరినీ నడవనివ్వం. బ్రౌన్ ట్రౌట్ నవంబరు, డిసెంబరుల్లో అక్కడే గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. పిల్లలు చలికాలం చివర్లో బయటికొస్తాయి, వచ్చాక కూడా కొన్ని వారాలు ఆ రాళ్ళ కిందే ఉంటాయి. మనం బూట్లు వేసుకుని వాటి మీద నడుస్తున్నాం. చట్టప్రకారం వేట మార్చి 1న తెరుచుకుంటుంది, నిజమే. పిల్లలు మాత్రం క్యాలెండరు చూసుకోవు. ఒడ్డు మీద నుంచి, బండల మీద నుంచి విసురుదాం.

ఈ చేపలు ఇక్కడివి కాకపోయినా ఇంత చాదస్తమా అని ఒకరు అడిగారు. అవును, 1909 ప్రాంతంలో తెల్లదొరలు కశ్మీరు నుంచి కులూకి గుడ్లు తెచ్చి పెంచారు. కశ్మీరుకి అంతకు పదేళ్ళ ముందు స్కాట్లాండ్ నుంచి ఓడ మీద వచ్చాయి. ఇక్కడ నేనెంత పరాయివాణ్ణో అవీ అంతే, కాకపోతే నాకంటే వందేళ్ళ ముందొచ్చాయి. వాటికి ఇంకా చోటుందంటే ఇక్కడి ఊళ్ళవాళ్ళ పుణ్యమే. పక్కనున్న సైంజ్ లోయలో కరెంటు డ్యామ్ ఉంది, కింద లార్జీ దగ్గర బియాస్ నది మీద ఇంకొకటి. తీర్థన్ మీద మాత్రం రానివ్వలేదు. బంజార్ మాజీ ఎమ్మెల్యే దిలారామ్ శబాబ్ ముందు నిలబడి ఊళ్ళతో కలిసి కొట్లాడారు. మీరు నీళ్ళలో నిలబడి మీ పాదాలు చూసుకోగలుగుతున్నారంటే అందుకే.

నదిలో పట్టిన చేపని వండమని అడక్కండి, వండం. తినడానికి లోయలో ఫారాల్లో పెంచిన రెయిన్‌బో ట్రౌట్ తెస్తాం. దాన్ని పులుసు పెట్టమని ప్రతి బ్యాచ్‌లో ఒకరు పట్టుబడతారు. రెండుసార్లు పెట్టాను. చింతపండు పులుపుకి ఆ మెత్తటి మాంసం విడిపోయి ముద్దైపోయింది. కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి ఆవనూనెలో వేయించడమే దానికి మర్యాద.

మత్స్యశాఖ లైసెన్సు ఎప్పటిలాగే ఒక్కొక్కరికి, రోజుకి విడిగా తీసుకోవాలి. అది మేమే చూసుకుంటాం, ఆధార్ కాపీ ముందే పంపండి. ఢిల్లీ నుంచి మనాలీ బస్సు ఎక్కినవాళ్ళు ఔట్ అనే ఊరి దగ్గర, సొరంగం రాకముందే దిగాలి. పోయిన వారం ఇద్దరు నిద్రపోయి కులూ దాకా వెళ్ళిపోయారు. డ్రైవరుకి ముందే చెప్పి పెట్టుకోండి. ఉన్ని సాక్సులు రెండు జతలు తెచ్చుకోండి, కాటన్‌వి వద్దు.

ఏప్రిల్ 4 నుంచి 20 మధ్య మూడు గదులు ఖాళీ ఉన్నాయి. ఈసారి పోస్టులో పెట్టబోయే ఫొటో నిన్న తీసింది. చేప చిన్నదే.

రీఫండ్ 31వ తేదీలోగా మీ ఖాతాల్లో పడుతుంది. పడకపోతే ఫోన్ చేయండి, మొహమాటపడకండి. రెండో గదిలో ఎవరిదో బూడిదరంగు మంకీ క్యాప్ ఉండిపోయింది. 12న ఖాళీ చేసినవాళ్ళు ఒకసారి బ్యాగులు చూసుకోండి.